ముగ్గు పోయని కథ

ఇల్లు కట్టించేవాడు మొట్టమొదట చేసే పని ఏమిటంటే, ఖాళీ జాగాలో నాలుగు మూలలా మేకులు కొట్టించి, తాడు లాగించి, సున్నంతో ముగ్గు పోయించడం. మా కామారెడ్డి 2016 అక్టోబరులో జిల్లా కేంద్రమయింది. అప్పటి నుంచి ఊరి చుట్టూ ఎటు చూసినా ముగ్గులే. పొద్దున్నే నడకకు బయలుదేరితే ఎక్కడో ఒకచోట ఇంటాయన ఆ తెల్లగీతల మధ్య నిలబడి, "ఇది హాలు, ఇది పూజగది" అని బంధువులకు చూపిస్తూ కనిపిస్తాడు. ఆయన ఇల్లాలు, "వంటింటి కిటికీ తూర్పుకు ఉండాలె" అంటుంది. మేస్త్రీ కాలితో ఒక గీత చెరిపి, గుప్పెడు సున్నంతో మరో గీత పోస్తాడు. దాంతో సరి. అదే మార్పు గోడలు లేచాక చేయాలంటే గడ్డపారలు కావాలి, కూలీలు కావాలి, మొగుడూపెళ్లాల మధ్య నాలుగు మాటలు కూడా కావాలి.

నవల వ్రాసేవాడు కూడా ముందుగా ఇటువంటి ముగ్గు ఒకటి పోసుకోవాలా, అక్కరలేదా అన్నది రచయితల మధ్య పాత తగాదా. నేను పెద్ద రచయితను కాను. బడిపంతులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాణ్ణి. నావి పదో పదిహేనో కథలు అచ్చయ్యాయి. అయినా ఈ తగాదా మా ఇంట్లో నలభై అయిదేళ్లుగా నడుస్తూనే ఉంది. వాదిని నేను, ప్రతివాది మా అక్క.

అక్క మెట్టినిల్లు ఎల్లారెడ్డి. బావ అక్కడ తాలూకా కచేరీలో గుమాస్తా. అక్క పెద్దగా చదువుకోలేదు గాని గ్రంథాలయంలో ఉన్న నవలలన్నీ చదివేసింది. ఇంటిపని ముగిసి, పిల్లలు పడుకున్నాక, చేటలో పెట్టాల్సిన బియ్యం పక్కకు జరిపి, అదే చేట మీద కాగితాలు పెట్టుకుని వ్రాసేది. 1979లో ఒక వారపత్రికకు నాలుగు వారాలకు సరిపడా నవల వ్రాసి పంపింది. సంపాదకులు కార్డు వ్రాశారు: "బాగుంది. ప్రచురిస్తాము. తక్కినది వెంటనే పంపగలరు."

తక్కినది ఉంటే కదా పంపడానికి!

ఆ సంగతి నాకు తెలిసి, "కథ ఎటు పోతుందో ముందు అనుకోలేదా అక్కా?" అని అడిగాను. అక్క నా వంక జాలిగా చూసింది.

"ముందే అంత తెలిసినంక ఇంక రాసుడెందుకు తమ్మీ? తెల్వదు గనుకనే రాస్తున్న."

కథ మాత్రం మా ప్రాంతపు కథ. మంజీర మీద నిజాంసాగర్ కట్టడం 1923లో మొదలై 1931లో పూర్తయింది. నవాబ్ అలీ నవాజ్ జంగ్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో లేచిన ఆ కట్ట బాన్సువాడ, బోధన్ వైపు వేల ఎకరాలకు నీళ్లిచ్చింది. కట్టకు ఎగువన ఉన్న ఎన్నో ఊళ్లు మాత్రం ఖాళీ అయ్యాయి. అక్క నవలలో ఒక కుటుంబం అటువంటి ఊరి నుంచి లేచి వచ్చింది. ఆ ఇంటి మనుమరాలు ఇరవై ఏళ్ల పిల్ల. చదువుకున్నది. "మన ఊరెక్కడ?" అని అడగడం మొదలుపెడుతుంది. ఇంట్లో ఎవరూ చెప్పరు. అందరూ నీళ్ల వైపు చూసి ఊరుకుంటారు. ఇదీ ఎత్తుగడ. ఎల్లారెడ్డిలో ఎవరి ఇంటికి వెళ్లినా ఆ నవల మాటే. బతుకమ్మ ఆడుతూ కూడా ఆడవాళ్లు, "గా పిల్ల దొరికించుకుంటదా ఊరిని?" అని అక్కను అడిగేవాళ్లట.

ఇక అక్క పడ్డ అవస్థ చెప్పాలి. సీరియల్ అన్నది ఎడ్లబండి వంటిది కాదు, ఆపినప్పుడు ఆగడానికి. అది రైలు. వారానికి ఒకసారి ప్లాట్‌ఫారం మీదికి వచ్చి తీరుతుంది. అక్క ఇవాళ వ్రాసింది రేపు టపాలో పడుతుంది. వెనక్కి తిరిగి చూసుకునే వ్యవధి ఉండేది కాదు. ఆ పిల్ల తండ్రికి ఒక మేనత్త ఉంది. ఆవిడ మూడోవారంలో చనిపోయింది. కన్నీళ్లు పెట్టించే ఘట్టం. తొమ్మిదో వారంలో ఆవిడే వంటింట్లో బీరకాయలు తరుగుతూ కనిపించింది! ఒక పాఠకుడు పత్రికకు ఉత్తరం వ్రాశాడు: "మేనత్తగారు కులాసాగా ఉన్నందుకు మా ఇంటిల్లిపాదికీ సంతోషంగా ఉంది." సంపాదకులు ఆ ఉత్తరాన్ని ఏ వ్యాఖ్యా లేకుండా అక్కకు పంపించారు. అక్క రెండు రోజులు అన్నం సరిగా తినలేదు.

పదకొండో వారం చివర ఆ పిల్ల మంజీర ఒడ్డున నిలబడింది. పొద్దు గూకుతోంది. అవతలి ఒడ్డున ఎవరో లాంతరు పట్టుకుని నిలబడ్డారు. "సశేషం."

ఆ లాంతరు ఎవరిదని ఊరంతా అడిగింది. అక్కకూ తెలియదు.

సరిగ్గా అప్పుడే బావకు కామెర్లు ముదిరాయి. హైదరాబాదు పెద్దాసుపత్రికి తీసుకుపోవలసి వచ్చింది. అక్క నెలరోజులు ఆసుపత్రి వరండాలోనే ఉంది. నేను ఎల్లారెడ్డిలో పిల్లల్ని కనిపెట్టుకుని ఉన్నాను. పత్రిక నుంచి ఒక కార్డు, తరవాత తంతి. నేను అక్కకు జాబు వ్రాశాను: "తరవాత ఏమవుతుందో నాలుగు ముక్కలు వ్రాసి పంపు. ఆ ఆనవాలు పట్టుకుని రెండు వారాలు నేను నెట్టుకొస్తాను." అక్క జవాబు ఒకే వాక్యం. తనకే తెలియదని.

పత్రికలో రెండు వారాలు "అనివార్య కారణాల వల్ల" అని వేశారు. మూడోవారం ఆ చోట మరొకరి నవల మొదలైంది. తప్పు పత్రికది కాదు. వాళ్ల రైలు వాళ్లు నడుపుకోవాలి కదా. దేవుడి దయవల్ల బావ కోలుకుని ఇంటికి వచ్చాడు. అందరం సంతోషించాం. ఆ సంతోషంలో నేను నోరు జారాను.

"ముగ్గు పోయకుండా గోడలు లేపితే ఇట్లనే అయితది అక్కా" అన్నాను. హాస్యంగానే అన్నాను. అక్క నవ్వింది కూడా. కాని ఆ తరవాత ఆవిడ మళ్లీ కలం ముట్టలేదు. కాగితాలు పెట్టుకున్న ఆ చేటలో మళ్లీ బియ్యమే కనిపించేవి. నలభై అయిదేళ్లు.

ఆ మాట అన్నవాడు, అంటే నేను, ముగ్గు పోయడంలో ఎంత ప్రవీణుడో కూడా చెప్పుకోవాలి. లేకపోతే న్యాయం కాదు. పదేళ్ల క్రితం పదవీ విరమణ చేయగానే నేను ఒక నవలకు ప్రణాళిక వ్రాశాను. నలభై పుటలు. ప్రతి పాత్రకు జాతకం. ప్రతి అధ్యాయానికి నాలుగు భాగాలు. ఎర్ర సిరా, ఆకుపచ్చ సిరా. మా ఆవిడ చూసి, "జనాభా లెక్కలా?" అని అడిగింది. ఆ నవలలో ఒక్క పుట కూడా వ్రాయలేదు. ఎవరు ఎప్పుడు ఏడుస్తారో, ఎందుకు ఏడుస్తారో అంతా తెలిసిపోయాక కూర్చుని వ్రాయబుద్ధి కాలేదు. వంట చేయకుండానే కడుపు నిండిపోయింది. మా ఊరు బెల్లానికి పేరుపడ్డ ఊరు. ఇక్కడ పిల్లవాణ్ణి అడిగినా చెబుతాడు, పాకం లేతదైతే అచ్చు కట్టదు, ముదిరితే మాడుతుంది. అక్కది లేత పాకం. నాది మాడిన పాకం.

ఈ చింతతో, ఇతరులు ఎలా వ్రాశారో తెలుసుకుందామని చదవడం మొదలుపెట్టాను.

చార్లెస్ డికెన్స్ దొర నవలలు నెలనెలా భాగాలుగా వచ్చేవి. అంటే ఆయనా మా అక్క వంటి రైలు డ్రైవరే. 1846లో మొదలైన 'డోంబీ అండ్ సన్' నుంచి ఆయన ప్రతి నెల భాగానికీ ఒక కాగితం పెట్టుకునేవాడు. దానిని రెండు సగాలు చేసి, ఎడమ పక్క తనను తానే ప్రశ్నలు వేసుకునేవాడు: ఫలానావాణ్ణి ఈ నెల తీసుకురావాలా? కింద జవాబు: వద్దు, వచ్చే నెల చూద్దాం. కుడి పక్క అధ్యాయాల పేర్లు, ముఖ్యమైన సంగతులు. ఆ ఒక్క కాగితం ఉంటే చనిపోయిన మేనత్తలు బీరకాయలు తరగరు! అయితే ఆయన చివరి నవల 'ఎడ్విన్ డ్రూడ్' పన్నెండు భాగాలు కావలసి ఉండగా ఆరు మాత్రమే పూర్తయ్యాయి. 1870 జూన్‌లో ఆయన కన్నుమూశాడు. ముగింపు కాగితం మీద పెట్టిపోలేదు. డ్రూడ్ ఏమయ్యాడో జనం నూటయాభై ఏళ్లుగా వాదించుకుంటూనే ఉన్నారు.

ఆయన కాలంవాడే ఆంథొనీ ట్రోలప్. తపాలాశాఖలో ఉద్యోగం చేస్తూ రోజూ తెల్లవారుజామున లేచి, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకు 250 మాటల చొప్పున వ్రాసేవాడు. వారానికి ఎన్ని పుటలో లెక్క వ్రాసుకున్నాడు గాని, కథ ఎలా ముగుస్తుందో ముందుగా తేల్చుకోవడం తన అలవాటు కాదని ఆత్మకథలో ఒప్పుకున్నాడు. ఆయన మా అక్క పార్టీ అన్నమాట.

మన విశ్వనాథ సత్యనారాయణగారు 'వేయి పడగలు' 29 రోజులలో ఆశువుగా చెబుతూ పోతే, తమ్ముడు వెంకటేశ్వర్లుగారు వ్రాశారు. 1934లో ఆంధ్ర విశ్వకళాపరిషత్తు పోటీలో ఆ నవల, అడివి బాపిరాజుగారి 'నారాయణరావు' బహుమతి పంచుకున్నాయి. ఇది చెబితే అక్క పార్టీకే బలం అనిపిస్తుంది. కాని నాకొకటి తోస్తుంది. వేయి పుటలకు దగ్గరగా నోటితో చెప్పుకుంటూ పోగల మనిషి పురాణాల మధ్య, నాటకాల మధ్య పెరిగినవాడు. ముఖం, ప్రతిముఖం, గర్భం, విమర్శం, నిర్వహణం అని భరతుడు నాట్యశాస్త్రంలో అయిదు సంధులు చెప్పనే చెప్పాడు. బీజం ఎక్కడ వేయాలి, అది ఎక్కడ కనబడీ కనబడక దాగాలి, చివరకు ఎలా ఫలించాలి అన్నది రెండువేల ఏళ్ల నాటి ముగ్గు. ఒంటబట్టినవాడికి కాగితం అక్కరలేదు. ఒంటబట్టని మనవంటివాళ్లకు కాగితం కావాలి.

ఇవన్నీ దూరపు సంగతులు. నన్ను కదిలించిన సంగతి మా పాత జిల్లాలోనే దొరికింది.

వట్టికోట ఆళ్వారుస్వామిగారి పేరు వినే ఉంటారు. 1915లో పుట్టారు. దేశోద్ధారక గ్రంథమాల పెట్టి ఊరూరా పుస్తకాలు మోసుకుపోయి అమ్మారు. నిజాం కాలంలో నిజామాబాదు జైలులో దాశరథి కృష్ణమాచార్యగారు, ఈయన కలిసి ఉన్నారు. దాశరథి బొగ్గుముక్కతో జైలు గోడ మీద పద్యాలు వ్రాసింది అక్కడే. ఆళ్వారుస్వామికి ఒక పెద్ద ఆలోచన ఉండేది. తెలంగాణా జనం బతుకును, పోరాటానికి ముందు ఎలా ఉండేదో, పోరాటం ఎలా నడిచిందో, తరవాత ఏమైందో, ఒక వరసలో నవలలుగా వ్రాయాలని. ఆ ముగ్గులో మొదటి గది 'ప్రజల మనిషి'. రెండోది 'గంగు'. అది సగంలో ఉండగా 1961లో ఆయన చనిపోయారు.

అక్కడితో ఆగిపోవలసిన పని. కాని ఆగలేదు. దాశరథి తమ్ముడు రంగాచార్య ఆ బాధ్యత తన భుజాన వేసుకున్నాడు. 'చిల్లర దేవుళ్లు', 'మోదుగుపూలు', 'జనపదం' ఆ విధంగా వచ్చాయి. ఆళ్వారుస్వామి వ్రాసినట్టుగా రంగాచార్య వ్రాయలేదు. మనుషులు వేరు, ఊళ్లు వేరు, వాక్యం వేరు. గీసిన హద్దులు మాత్రం ఉన్నాయి గనుక ఆ జాగాలో మరొకరు ఇల్లు కట్టగలిగారు.

ఇది తలచుకున్నప్పుడల్లా ఆసుపత్రి వరండా నుంచి అక్క వ్రాసిన ఒక్క వాక్యపు జాబు గుర్తుకొస్తుంది. మనసులో ఉన్న కథ ఎంత గొప్పదైనా దానిని ఇంకొకరి చేతిలో పెట్టలేం. కాగితం మీది నాలుగు ముక్కలు పెట్టగలం. ముగ్గు వల్ల ఉపయోగం కథ దాని ప్రకారమే నడవడం కాదు. వ్రాసేవాడు పక్కకు తప్పుకోవలసి వచ్చినా కథ దారి తప్పకుండా ఉండడం. ఇంత చిన్న విషయం తెలుసుకోవడానికి నాకు ఇంత కాలం పట్టింది.

తెలుసుకునేసరికి మరో గడియారం మొదలైంది. రెండేళ్లుగా అక్కకు మరపు. బావ పోయి ఆరేళ్లయింది. పొయ్యి మీద పాలు పెట్టి మరచిపోవడంతో మొదలై, మనుమరాలి పేరు తడుముకోవడం దాకా వచ్చింది. ఇది తగ్గే జబ్బు కాదనీ, నెమ్మదిగా ముదురుతుందనీ డాక్టరుగారు చెప్పారు. నిరుడు దీపావళికి వెళ్లినప్పుడు అక్క నా చెయ్యి పట్టుకుని అడిగింది:

"తమ్మీ, గా పిల్ల ఇంక ఒడ్డు మీదనే ఉన్నదా?"

మా మేనకోడలు ఎవరో పక్కింటి పిల్ల అనుకుంది. నాకు మాత్రం అర్థమయింది. నలభై అయిదేళ్ల కింద నేనన్న మాట గొంతులో ముల్లులా గుచ్చుకుంది.

ఆ మరుసటి ఆదివారం నుంచి నేను ఎల్లారెడ్డి బస్సు ఎక్కడం మొదలుపెట్టాను. మా ఆవిడా వస్తుంది. 2023 డిసెంబరు నుంచి బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టు లేదు కదా. "నీ టికెట్టుకే దండగ" అని నన్నే విసుక్కుంటుంది. తాడ్వాయి దాటి, లింగంపేట దాటి వెళతాం. లింగంపేటలో నాగన్న బావి అని పాత మెట్లబావి ఉంది. ఒకసారి దిగి చూశాను. బావిని పైనుంచి కిందికే తవ్వుతారు. మెట్లు ఎక్కడ మలుపు తిరగాలో పైన ఉన్నప్పుడే అనుకోవాలి. అయితే నీళ్లు ఎంత లోతున పడతాయో తవ్వేవాడికి ముందుగా తెలియదు. అక్క చెప్పింది, నేను చెప్పింది, రెండూ నిజమేనని ఆ మెట్ల మీద కూర్చున్నప్పుడు అనిపించింది.

ఈసారి నలభై పుటల జోలికి పోలేదు. మనుమడి బడి నోటుబుక్కు ఒకటి తీసుకుని మూడు పనులు మాత్రం చేశాను. వ్రాయాలనుకునే ఇల్లాళ్లకు, పిల్లలకు పనికి వస్తుందేమోనని చెబుతున్నాను.

మొదటిది వయసుల పట్టిక. ఒక పక్క సంవత్సరాలు, పైన మనుషులు. ఏ ఏట ఎవరికి ఎన్నేళ్లో గళ్లు నింపడం. రెండోది దారి పటం. ఎవరు ఎక్కడ ఉంటారు, ఎక్కడినుంచి ఎక్కడికి ఎంతసేపట్లో పోతారు. మంజీర ఎటు, ఎల్లారెడ్డి ఎటు, కామారెడ్డి స్టేషను ఎటు. మూడోది అధ్యాయానికి రెండు వాక్యాలు, అంతకు మించి వద్దు: ఇందులోకి ఎవరు ఏం కోరి వచ్చారు, బయటికి పోయేటప్పటికి ఏం మారింది. రెండో వాక్యానికి జవాబు లేకపోతే ఆ అధ్యాయం కథకు అక్కరలేదన్నమాట. ఎంత బాగా వ్రాసినా సరే.

అక్క ట్రంకుపెట్టెలో దాచుకున్న పదకొండు వారాల కత్తిరింపులు ముందు పెట్టుకుని పట్టిక నింపాను. వెంటనే ఒక చిక్కు బయటపడింది. కథ 1979లో జరుగుతోంది. పిల్లకు ఇరవై ఏళ్లు. నాయనమ్మ కొత్త కోడలిగా ఉన్నప్పుడు ఊరు ఖాళీ చేశారని మొదటి వారంలో ఉంది. 1930 అనుకుందాం. పెద్ద కొడుకు, అంటే ఆ పిల్ల తండ్రి, 1934లో పుట్టాడనుకుందాం. మరి అయిదో వారంలో ఆ తండ్రి, "నీళ్లొచ్చిననాడు నాకు పదేళ్లు, బండి మీద కూచుని వెనక్కి చూసుకుంట వచ్చిన" అని చెబుతాడు! పుట్టని మనిషి బండెక్కి ఎలా కూర్చున్నాడు?

ఆ వారం అక్క కొంచెం మందకొడిగా ఉంది. పొద్దున ఏం తిన్నదో చెప్పలేకపోయింది. నేను నోటుబుక్కు చూపించి, మెల్లగా అడిగాను.

"అక్కా, నీళ్లొచ్చిననాడు పదేండ్లున్నది ఎవరికి? తండ్రికి కాదు. లెక్క కుదురుతలేదు."

అక్క పట్టిక మీద వేలు పెట్టింది. వేలు ఒక్కొక్క గడి మీదుగా జరిగింది. ఆగింది.

"మేనత్తకు" అంది.

"మేనత్త మూడో వారంల సచ్చిపోయింది గదా అక్కా?"

"సావలే. సచ్చిపోయిందని ఇంట్ల చెప్పుకున్నరు." అక్క తలెత్తి నా వైపు చూసింది. ఆ చూపు నాకు తెలుసు. చేట మీద కాగితాలు పెట్టుకున్ననాటి చూపు. "ఊరిడిసి రానన్నది తమ్మీ. అందరు బండెక్కిన్రు, ఆమె దిగి ఉరికింది. నీళ్ల పొంటనే ఎవరో సాదుకున్నరు. ఇంట్ల పరువు పోతదని సచ్చిందన్నరు." కాసేపు ఊరుకుంది. "గా లాంతరు ఆమెదే."

మా ఆవిడ వంటింటి గడపలో నిలబడి ఉంది. మా ముగ్గురిలో ఎవరమూ మాట్లాడలేదు. నలభై అయిదేళ్లు ఊరంతా అడిగిన ప్రశ్నకు జవాబు మూడో వారానికీ తొమ్మిదో వారానికీ మధ్య, పాఠకుడు వెక్కిరించిన ఆ తప్పులోనే ఉంది. ఆ తప్పు చేసిన చెయ్యికి ఏమి తెలుసో, ఏమి తెలియదో నేను చెప్పలేను. అక్క ముగ్గు లేకుండా వ్రాయబట్టే మేనత్త మళ్లీ బతికింది. నేను గళ్లు గీయబట్టి ఆవిడ ఎందుకు బతికిందో దొరికింది. ఒకటి లేకుండా మరొకటి ఉంటే ఆ లాంతరు ఇంకా అవతలి ఒడ్డునే ఉండేది.

నేను గబగబా వ్రాసుకున్నాను. "తొమ్మిదో వారంలో బీరకాయలు తరిగింది?" అని అడిగితే, "రాత్రిపూట దొంగతనంగ అన్నను చూడనీకి వచ్చింది. అప్పుడప్పుడు వస్తనే ఉంటది. వదినెకే తెలుసు" అంది, అదేదో నిన్న జరిగినట్టు. ఆ సాయంత్రానికి ఇరవై రెండు అధ్యాయాలకు రెండేసి వాక్యాలు వచ్చాయి. చివరి అధ్యాయంలో ఎండాకాలం నీళ్లు దిగినప్పుడు ఆ పిల్లను పాత ఊరి గోడల దగ్గరకు పంపుదామన్నాను. అక్క ఒప్పుకోలేదు. "గోడలల్ల ఏమున్నది? మేనత్త చెయ్యి పట్టుకోనీ. ఊరంటె అదే" అంది. ఆ గీత చెరిపి ఇంకో గీత పోశాను. గోడలు ఇంకా లేవలేదు కదా, కష్టం లేదు.

తిరుగు బస్సులో నోటుబుక్కును ఒళ్లో పెట్టుకుని రెండు చేతులతో పట్టుకుని కూర్చున్నాను. "ఎవరూ గుంజుకుపోరు లెండి" అంది మా ఆవిడ.

తరవాతి ఆదివారం వెళ్లేసరికి అక్కకు ఏమీ గుర్తు లేదు. మేనత్త గుర్తు లేదు. లాంతరు గుర్తు లేదు. నన్ను గుర్తుపట్టింది. అంతవరకు మేలు. "ఏమన్న తిన్నవా తమ్మీ?" అని మూడుసార్లు అడిగింది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఒక వారం ఆలస్యం చేసి ఉంటే ఆ కథ ఇక ఎవరికీ తెలిసేది కాదు.

నోటుబుక్కు తీసి మొదటి అధ్యాయపు రెండు వాక్యాలు చదివాను. తరవాత రెండోది. అక్క కొంగుతో కళ్లద్దాలు తుడుచుకుని దగ్గరకు జరిగింది. పన్నెండో అధ్యాయానికి వచ్చేసరికి, నది ఒడ్డున ఆ పిల్ల లాంతరు వైపు అడుగు వేస్తుందన్నచోట, నా చెయ్యి పట్టుకుని ఆపింది.

"మంచిగున్నది. ఎవరు రాసిన్రు ఇది?"

"నువ్వే అక్కా."

అక్క నమ్మలేదు. నేను అబద్ధమాడినట్టు నవ్వింది. తరవాత నోటుబుక్కు తన ఒళ్లోకి లాక్కుని, పుట తిప్పమని సైగ చేసింది.

"సరే తియ్యి. తర్వాత ఏమైతదో చదువు."